బొందు లేని పైజమా

"ఇల్లంతా గాలించాను. ఆ కార్డుకేమైనా కాళ్లొచ్చాయా?"

నర్సమ్మ బీరువాలో చీరలన్నీ మంచం మీద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. గోడ గడియారంలో ఎనిమిదీ ముప్పావు. తొమ్మిదిన్నరకి చర్చి వ్యాను వస్తుంది. గుర్తింపు కార్డు లేకపోతే జైలు గేటు దగ్గర చీమను కూడా లోపలికి వదలరు.

కోడలు కుట్టుమిషను ముందు కూర్చుని, సబ్బులు పెట్టే గుడ్డసంచికి గుండీ కుడుతోంది. నలభై సంచుల్లో ఇది ఆఖరుది. కార్డు ఆ మిషను డ్రాయరులోనే, దారపు ఉండల కింద ఉంది. అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడు తనే తీసి అక్కడ పెట్టింది. అప్పటినుంచీ ఆమె కాలు మిషను తొక్కుతోంది గానీ ప్రాణం మాత్రం డ్రాయరులో ఉంది.

"దిండు కింద చూశారా అత్తయ్యా?"

"దిండు కింద కార్డు పెట్టుకుని పడుకోడానికి రేపు నాకేమన్నా పరీక్షలా?"

ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా వీధంతా ఆమెని నర్సమ్మ అనే పిలుస్తుంది. చర్చిలో జైళ్లకి వెళ్లే గుంపుకి ఆమే పెద్ద. పదకొండేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. ఊరవతలి చిన్న జైలుకి వెళ్లి, సబ్బులిచ్చి, పాటలు పాడి, జ్వరమొచ్చినవాడి నుదురు తడిమి వస్తుంది. ఈ నెల మాత్రం గుంపు పెద్ద జైలుకి వెళ్తోంది. అక్కడికి ఎప్పుడూ వెళ్లే పెద్దమనిషికి మోకాలి ఆపరేషనని చెప్పారు. ఆ మాట విన్న ఆదివారం నుంచీ కోడలికి ముద్ద గొంతు దిగడం లేదు.

ఆ పెద్ద జైల్లోనే, మూడో బ్యారక్‌లో, నర్సమ్మ కొడుకున్నాడు.

తల్లి లెక్కలో అతను ఏడు నెలలుగా సముద్రం మీద ఉన్నాడు. పెద్ద ఓడలో లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. ఓడలో ఫోను పలకదు. నెలకో ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం కోడలే రాస్తుంది, కోడలే చదివి వినిపిస్తుంది. మొన్నటి ఉత్తరంలో తిమింగలం కూడా కనిపించింది. తిమింగలం దాకా వెళ్లాక ఇంక ఒడ్డుకెలా రావాలో ఆమెకి తెలియలేదు.

మెట్లెక్కి, తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. బడిలో టీచరు. గొడుగు మూలన పెట్టి, తల్లి వైపు ఓ నవ్వు విసిరి, కోడల్ని రెక్క పుచ్చుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. కుళాయి తిప్పింది. ఆ ఇంట్లో నిజం మాట్లాడాలంటే ముందు కుళాయి తిప్పాలి.

"దొరికిందా?"

"దొరకదు వదినా. మిషను డ్రాయర్లో పెట్టాను."

"డ్రాయర్లోనా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. పిండి డబ్బాలో పెట్టొచ్చుగా?"

"నాకు దొంగతనం అలవాటు లేదు వదినా. ఇవాళే మొదలు."

"అసలీ తద్దినమంతా ఎవరివల్ల? వాణ్ణి ఈ ఊరి జైలుకి మార్చమని అర్జీ పెట్టుకుంది ఎవరు? పనిచేసిన ఊళ్లోనే, ఆ జైల్లోనే ఉండుంటే మన గుట్టు మన దగ్గరే ఉండేది."

కోడలికి ఒళ్లు మండింది. "అక్కడికి వెళ్లి రావడానికి రెండు రోజులు పట్టేది. జాలీకి అటొకరు ఇటొకరు నిలబడి పది నిమిషాలు చూసుకోవడానికి. నేను వెళ్లకపోతే ఆయన మాట్లాడే మనిషే లేదు."

"మాట్లాడకపోతే చచ్చిపోతాడా?"

కుళాయి నీళ్లు బకెట్టు నిండి పొర్లుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కట్టలేదు.

"అమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుంది," అంది చివరికి టీచరు. "మా బడి చర్చివాళ్లది. నిన్నగాక మొన్న నన్ను హెడ్మిస్ట్రెస్‌ని చేస్తామన్నారు. ఇప్పుడు ఈ సంగతి బయటపడిందంటే…"

"ఏది ముందు వదినా? అత్తయ్య గుండెనా, మీ కుర్చీనా?"

"నీకు నోరు బాగా లేచింది."

"ఏడు నెలలు మూసుకున్నాను కదా."

టీచరు గొంతు ఇంకా తగ్గించింది. "నువ్వు జైలువాళ్లిచ్చిన కాగితం చదివావా? గుంపులో ఎవరికైనా లోపల బంధువులుంటే వాళ్లు గుంపుతో రాకూడదు, ములాఖత్‌కి విడిగా రావాలి. దాచి దొరికితే ఆ చర్చి గుంపుని ఇంకెప్పుడూ రానివ్వరట. వాడు అమ్మని చూసి నోరు జారాడనుకో, పదకొండేళ్ల పని నేలపాలు. అందుకే అంటున్నాను, కార్డు దొరక్కూడదు. బీపీ పెరిగిందని నేను చెప్తాను, నువ్వు తలూపు."

కోడలు కుళాయి కట్టేసింది. తలూపడం ఆమెకి బాగా అలవాటైపోయింది. మొగుడు జాలీ అవతలినుంచి 'అమ్మకి చెప్పావంటే నేనింక ములాఖత్‌కి రాను' అంటే తలూపింది. ఆడపడుచు ఓడ కథ కట్టి చెప్తే తలూపింది. ప్రార్థనలో అత్తగారు చెరసాలల్లో ఉన్నవారి కోసం కన్నీళ్లు పెట్టుకుంటుంటే పక్కనే మోకరించి తలూపింది. చెరసాల అన్నది చర్చిలో మాట. ఆ మాట ఎంతమందైనా ఎంత గట్టిగానైనా అనొచ్చు. అతని పేరు పక్కన జైలు అన్న మాట మాత్రం ఈ ఇంట్లో కుళాయి తిప్పకుండా ఎవరి నోటా రాదు. ఊపిరాడని గదిలో కిటికీలు తనే ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చానని ఆమెకి తెలుసు.

"అమ్మాయ్," అని ముందుగదిలోంచి పిలుపు వచ్చింది. "ఇద్దరూ ఒకసారి ఇలా రండి."

నర్సమ్మ వెతకడం మానేసింది. కోడలి కుర్చీలో, మిషను ముందు కూర్చుంది. డ్రాయరు మూసే ఉంది. ఆమె చెయ్యి మాత్రం దాని పిడి మీద ఉంది.

"అమ్మా, నీ మొహం చూస్తే బీపీ పెరిగినట్టుంది," అని టీచరు అందుకుంది.

"ముప్పై ఏళ్లు ఊరందరి బీపీ చూశాను. నాది నువ్వు మొహంలో చూడక్కర్లేదు. కూర్చో."

టీచరు కూర్చుంది. ఎప్పుడూ పిల్లల్ని కూర్చోబెట్టే మనిషి చటుక్కున బెంచీ మీద పిల్లలా కూర్చుంది.

"అమ్మాయ్, నిన్నొకటి అడుగుతాను. బొందు లేని పైజమా ఎవరు తొడుక్కుంటారు?"

ఆ కత్తిరింపు నర్సమ్మ కనిపెట్టిందే. జైల్లో బొందులు, తాళ్లు పనికిరావు. ఎవరైనా మెడకి బిగించుకుంటారేమోనని భయం. పైజమాలు జారిపోతూ ఒక చేత్తో పట్టుకు నడిచే ఖైదీలని చూసి, ఆమె బొందుకి బదులు నడుముకి వెడల్పు పట్టీ వేసి రెండు పెద్ద గుండీలు పెట్టించింది. పెళ్లయి వచ్చిన ఏడాదే కోడలికి అది నేర్పింది.

"మీ గుంపుకి కుట్టాను కదా అత్తయ్యా. అలాంటిదే ఒకటి…"

"మా గుంపుకి కుట్టేవన్నీ ఒకే కొలత. మూడు నెలల కిందట డాబా మీద ఒకటి ఆరేశావు. నలభై నాలుగు పొడుగు. అంత పొడుగు మనిషి ఈ ఇంట్లో ఒక్కడే. పోనీ, జైల్లో పొడుగువాళ్లుండరా అనుకున్నాను." ఆగింది. "ఎడమ మోకాలికి రెండు పొరలు వేశావు."

లిఫ్టు మెకానిక్‌లు రోజంతా నేల మీద ఒక మోకాలు ఆనించి పనిచేస్తారు. అతనికి ఎడమ మోకాలు. పెళ్లయిన దగ్గర్నుంచీ కోడలు అతని ప్రతి ప్యాంటుకీ ఎడమ మోకాలి దగ్గర లోపల ఇంకో గుడ్డ వేసి కుడుతోంది. జైల్లో లిఫ్టులు లేవు. ఆ సంగతి ఆమె చేతికి తెలియలేదు, అంతే.

"మూడు నెలలుగా తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి, ఆ ఉత్తరాలు కూర్చుని విన్నారా?"

"తిమింగలం బాగుంది," అంది నర్సమ్మ. నవ్వలేదు.

టీచరు చీరకొంగు నోట్లో కుక్కుకుంది. కోడలికి సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఏడు నెలల కోపం ఒక్కసారిగా వచ్చింది.

"ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదా! నేను కుళాయి తిప్పుకుని స్నానాలగదిలో ఏడుస్తుంటే మీరు గోడకి ఇవతల కూర్చుని సబ్బులు లెక్కపెట్టుకున్నారా?"

"మీరే చెప్తారని చూశాను. అదొక్కటే కాదు." నర్సమ్మ గొంతు సన్నబడింది. "జైలు బయట చెట్టు కింద కొంగులు కప్పుకుని కూర్చునే తల్లులకి పదకొండేళ్లుగా చెప్తున్నాను. సిగ్గెందుకమ్మా, తలెత్తండి అని. నా దాకా వచ్చేసరికి నేనూ కొంగే కప్పుకున్నాను. చర్చిలో అందరిముందూ ఓడ పేరు చెప్పుకుని తిరిగాను. నాకు సిగ్గేసింది అమ్మాయ్. వాడి గురించి కాదు, ముందు నా గురించి సిగ్గేసింది."

గడియారం తొమ్మిదీ పావు దాటింది.

"పెద్ద జైలుకి వెళ్లే ఆ పెద్దమనిషికి మోకాలి ఆపరేషనేమీ లేదు," అంది మళ్లీ. "ఈ నెల పెద్ద జైలు మాకిమ్మని అడిగింది నేనే. ఈ మధ్య నువ్వు పూటలో వెళ్లొచ్చేస్తున్నావు, చిన్న జైల్లో వాడు లేడు, ఇంక మిగిలింది అదే. వెనకనుంచి ఒక్కసారి వాణ్ణి చూసి వచ్చేద్దామనుకున్నాను. చిక్కాడో లేదో చూద్దామని. వాడికి తెలియక్కర్లేదు, మీకూ తెలియక్కర్లేదు."

కోడలి చూపు బల్ల మీది అత్తగారి సంచి మీద పడింది. సంచిలోంచి జైలువాళ్ల కాగితం తొంగిచూస్తోంది. లాగి చూసింది. 'లోపల ఉన్నవారిలో మీకు బంధువులు ఎవరైనా ఉన్నారా?' అన్నదానికి ఎదురుగా, ఇంజెక్షను చీటీలు రాసిన గుండ్రటి అక్షరాల్లో 'లేరు' అని ఉంది. కింద అత్తగారి సంతకం.

"అంటే మీరు కూడా…"

"నేను కూడా."

టీచరు వెంటనే లేచింది. "మంచిదే కదమ్మా! అదే ఉంచు. వెళ్లి చూసి వచ్చెయ్. ఎవరికీ తెలియదు. వదినా… అదే, ఆ కార్డు ఇచ్చెయ్యి."

మరదల్ని పట్టుకుని వదినా అంది. అంత కంగారులో ఉంది.

నర్సమ్మ కూతురి వైపు చూడలేదు. కోడలి వైపే చూస్తూ, "వాడేం చేశాడు?" అంది.

పదకొండేళ్లలో ఆమె ఒక్క ఖైదీని కూడా ఆ ప్రశ్న అడగలేదు. గుంపులో కొత్తగా చేరినవాళ్లకి ఆమె మొదట చెప్పే మాటే అది, ఏం చేశావని అడగొద్దు అని. ఇవాళ అడిగింది. అడుగుతుంటే ఆమె బుగ్గ కింద నరం కొట్టుకోవడం కోడలికి కనిపించింది.

"ఒక పెద్ద భవనంలో నాలుగు లిఫ్టులు తనిఖీ చెయ్యాలి. మూడు చూశారు. నాలుగోది చూడకుండానే తనిఖీ కార్డు మీద సంతకం పెట్టారు. ఇంటికొచ్చే బస్సు టైమైపోతోందని. పన్నెండు రోజులకి తాడు తెగింది. మెట్లు తుడిచే ఆవిడ అందులో ఉంది."

"బతికిందా?"

"లేదు."

"ఆవిడకెవరున్నారు?"

"ఒక కూతురు. కోర్టుకి వచ్చింది. లాయరు చెప్పింది ఆయన వినలేదు. తాడు చూశాననలేదు. సంతకం నాదే, చూడలేదు అని ఒప్పుకున్నారు. రెండేళ్లు వేశారు."

నర్సమ్మ కళ్లు మూసుకుంది. ఎవరో తెలియని నలభై మందిని ఏం చేశారని అడక్కుండా ప్రేమించడం ఆమెకి ఎప్పుడూ కష్టమనిపించలేదు. తన కొడుకు చేసింది తెలిశాక ప్రేమించడం ఇంత బరువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. అది ఆమె మొహంలో రాసి ఉంది. కోడలు చూడలేక తల తిప్పుకుంది.

అప్పుడు ఫోను మోగింది.

తెర మీద 'మిషను రిపేరు' అని పడింది. జైలు ఫోను. వారానికోసారి అయిదు నిమిషాలు. కోడలు అలవాటు కొద్దీ ఫోను పట్టుకుని స్నానాలగది వైపు నడవబోయింది.

"ఆ మిషను వారం వారం చెడిపోతూనే ఉంటుంది పాపం," అని నర్సమ్మ చెయ్యి చాచింది.

కోడలికి జాలీ దగ్గర తలూపి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. అయినా ఫోను ఆ చేతిలో పెట్టింది. ఆ ఏడు నెలల్లో తలూపిన మాట ఆమె తప్పడం అదే మొదటిసారి.

నర్సమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. మాట్లాడలేదు. అవతలి గొంతు గది నిశ్శబ్దంలో అందరికీ వినిపిస్తూనే ఉంది.

"హలో, నేనే. ఎక్కువ టైము లేదు. ఇవాళ ఇక్కడికి ఏదో ప్రార్థన గుంపు వస్తోందట. నలభై మందికే చోటు. నేనూ పేరు ఇచ్చాను. నవ్వకు. ఏ చర్చివాళ్లో తెలియదు. అమ్మ వాళ్లు చిన్న జైలుకే కదా వెళ్తారు… అందుకే ధైర్యం చేశాను. ఎవరో ఒకరి పాట వింటే కాస్త అమ్మ పాట విన్నట్టుంటుందని. వింటున్నావా?"

నర్సమ్మ పెదవులు బిగబట్టింది. ఊపిరి బిగబట్టింది. దగ్గు మాత్రం బిగబట్టలేకపోయింది. చిన్నప్పటినుంచీ అతను పక్కగదిలోంచి విన్న దగ్గు అది.

అవతల వెనక ఎక్కడో ఇనుప తలుపు పడిన మోత వినిపించింది. ఆ తర్వాత, ముప్పై ఆరేళ్ల మనిషి గొంతు కాదు, ఎప్పటిదో గొంతు.

"అమ్మా?"

లైను తెగిపోయింది. వాళ్ల అయిదు నిమిషాలు వాళ్లకే లెక్క, ఎప్పుడు కోస్తారో తెలియదు.

కింద వీధిలో వ్యాను హారను మోగింది.

"కార్డు ఇవ్వు," అంది టీచరు కోడలితో. "త్వరగా పంపించెయ్యి, లేకపోతే వాళ్లు పైకొస్తారు."

నర్సమ్మే డ్రాయరు లాగి, దారపు ఉండలు పక్కకి నెట్టి కార్డు తీసుకుంది. ఎక్కడుందో ముందే తెలిసినట్టు తీసుకుంది. ఆ కార్డు జాకెట్లో దోపుకుని, మిషను మీది పెన్ను అందుకుని, కాగితం ముందు వేసుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వాడు హాల్లో కూర్చుని ఉంటాడు. నేను లోపలికి అడుగుపెట్టగానే ఇప్పుడు పిలిచినట్టే పిలుస్తాడు. నోరు నొక్కుకోలేడు. జైలరు నావైపు తిరిగి 'ఎవరమ్మా?' అంటాడు. అప్పుడు నేను లేరు అనాలి. వాడి మొహం మీద." పెన్ను మూత తీసింది. "అనలేను."

'లేరు' మీద అడ్డంగా గీత కొట్టింది. పైన ఖాళీ తక్కువ ఉంది. ఇరికించి రాసింది. కొడుకు అని.

"అలా రాస్తే మిమ్మల్ని గేటు దాటనివ్వరు అత్తయ్యా!" కోడలికి ఏడుపొచ్చింది. "ములాఖత్‌కి కూడా కుదరదు. ఆయన నా పేరొక్కటే ఇచ్చారు. ఆయన రాసిస్తేనే మీరు చూడగలిగేది."

"తెలుసు. పాటలకి మిగతావాళ్లు వెళ్తారు. నేను బయట చెట్టు కింద కూర్చుంటాను, ఆ తల్లులతో. వాడు నా పేరు రాసే దాకా కూర్చుంటాను. ఎన్ని నెలలైనా సరే."

"రాయకపోతే?"

నర్సమ్మ కాగితం మడిచి చేతిలో పట్టుకుంది. సబ్బుల సంచి భుజాన వేసుకుని లేచింది.

టీచరు పరుగున వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. గడియ మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఆ కాగితం వ్యానులో పద్నాలుగు మంది చూస్తారు. సాయంత్రానికల్లా మా బడికి తెలుస్తుంది. నీకు దణ్ణం పెడతాను. నా గురించి ఒక్క నిమిషం ఆలోచించు. వాడొక్కడేనా నీ కడుపున పుట్టింది?"

ఆ మాటకి నర్సమ్మ ఆగిపోయింది. నిజంగానే ఆగిపోయింది. సంచి భుజం మీదనుంచి మోచేతి దాకా జారింది. ఇంట్లోంచి బయటికి ఉన్న దారి ఒక్కటే. ఆ దారికి అడ్డంగా నిలబడి ఏడుస్తున్నది కూడా తన బిడ్డే.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. తలుపు మీద రెండుసార్లు తట్టారు.

"నర్సమ్మగారూ, కార్డు దొరికిందా? మీకోసమే ఆగాం," అని పాస్టరుగారి గొంతు.

టీచరు తల అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు అని. ఆమె కళ్లు తల్లిని వదిలి ఇప్పుడు కోడలి మీద ఉన్నాయి. ఈ ఇంట్లో ఎప్పుడూ తలూపే మనిషి మీద.

కోడలు వెళ్లి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. గట్టిగా లాగలేదు. ఒక్కొక్క వేలే గడియ మీదనుంచి తీసింది. "క్షమించండి వదినా," అని, గడియ తీసింది.

గుమ్మంలో పాస్టరుగారు చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. "అమ్మయ్య! ఎక్కడ మానేస్తారోనని భయపడ్డాను. కాగితం మీద సంతకం పెట్టేశారా?"

నర్సమ్మ ఆయన చేతికి కాగితం ఇచ్చింది.

పాస్టరుగారు నవ్వుతూనే చదవడం మొదలుపెట్టారు.